మా ఇంటి సీరియళ్ళ పంచాయితీ

ఈ రోజు ఛాడఖాయి. కార్తీక పౌర్ణమి మర్నాడు. నెల్లాళ్ళపాటు నీసు మానేసిన ఒడియా ఇళ్ళన్నీ ఒక్కసారిగా చేపల మీదా మాంసం మీదా పడే రోజు. పొద్దున్న మా వీధి మొగలో కూర్చునే చేపలావిడ తట్ట దించీ దించకముందే సగం ఖాళీ అయిపోయింది. నేను వెళ్ళేసరికి మిగిలిన చిన్న చేపలే తెచ్చి, ఆవపిండి వేసి పులుసు పెట్టాను. తిన్నాం. తిన్నాక మా ఆయన కుర్చీ ముందుకు లాక్కుని టీవీ పెట్టారు. ఏ ఛానలు తిప్పినా ఒకటే గోల. సోమవారం నుంచి సరికొత్త ధారావాహిక అని ఒకరు, మీరు మెచ్చిన కథ రెండో భాగంతో మళ్ళీ మీ ముందుకు అని ఇంకొకరు. పట్టుచీర కట్టుకున్న పిల్లొకతె వానలో తడుస్తూ ఎవరి మీదో శపథం చేస్తోంది. మా ఆయన కాసేపు చూసి, నా వైపు తిరక్కుండానే, "ఈసారి ఏటి సూద్దాం?" అన్నారు. "ఏదో ఒకటి," అన్నాను. ఆయన తల ఊపి సౌండు తగ్గించేశారు. ఈ ఇంట్లో, అదీ ఛాడఖాయి నాడు, సీరియళ్ళ గురించి నా నోటి వెంట ఆ మాట వస్తుందని ఒకప్పుడు ఎవరైనా అనుంటే పకపకా నవ్వేదాన్ని.

ఎందుకంటే మా ఇంట్లో ఛాడఖాయి అంటే చేపలు తినే రోజు ఒక్కటే కాదు. వచ్చే ఏడాదంతా ఏ సీరియళ్ళు చూడాలో తేల్చుకునే రోజు కూడా. ఈ రెండింటికీ ముడి పెట్టింది మా ఆడపడుచు, అంటే మా ఆయన అక్కగారు. ముందు ఆ కార్తీకం సంగతి చెప్పాలి. ఒడియావాళ్ళకి కార్తీకం పౌర్ణమితో ముగిసిపోతుంది. మన తెలుగువాళ్ళకి దీపావళి మర్నాడు మొదలై, ఆ పౌర్ణమి దాటి, అమావాస్య దాకా సాగుతుంది. తాతల నాటి నుంచి బరంపురంలో పాతుకుపోయిన మా అత్తవారు ఈ రెండు లెక్కల్నీ గౌరవించారు. తెలుగు లెక్కలో మొదలుపెట్టి, ఒడియా లెక్కలో ముగించేవారు. నెల నోము కాస్తా పక్షం రోజుల్లో అయిపోయేది. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, పొలాలు చేసుకునే ఊరు. అక్కడ కార్తీకమంటే కార్తీకమే, బేరం లేదు. కాపరానికి వచ్చిన కొత్తలో ఇదేం లెక్క అని అడిగాను. ఇద్దరి దేవుళ్ళకీ మర్యాద ఇవ్వడం అంటే ఇలాగే ఉంటుందని మా ఆడపడుచు పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆ గొంతు విన్నాక ఎవరికైనా మళ్ళీ అడగాలనిపించదు.

ఆవిడ తెలుగు బడిలో టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వీధిలో ఒడియావాళ్ళంతా 'గురుమా' అని పిలిచేవారు. ఆవిడ చేరిన రోజుల్లో పిల్లలు అరుగుల మీద కూడా కూర్చునేవారట. దిగిపోయేనాటికి ఒక్క గది నిండడమే కష్టంగా ఉండేది. తరవాత ఆ బడిని పక్కనున్న ఒడియా బడిలో కలిపేశారు. ఆ సంగతి తెలిసిన రోజున ఆవిడ అన్నం మానలేదు, ఏడవలేదు. పాత చీరొకటి తీసుకుని ఇంట్లో కిటికీలన్నీ తుడిచింది. ఆవిడ నోట మూడు భాషలు ఉండేవి. బడిలో పుస్తకం తెలుగు, బజారులో గడగడలాడించే ఒడియా, ఇంట్లోకి చెప్పులు విప్పి రాగానే 'ఏటి', 'సూడు', 'ఎల్లు'. హాల్లో పేము కుర్చీ ఒకటి ఆవిడది. చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుని, వక్కపలుకు బుగ్గన పెట్టుకుని అందులో కూర్చుందంటే ఇక పంచాయితీ మొదలైనట్టే.

పంచాయితీ అని పేరు పెట్టింది మా ఆయన, వేళాకోళానికి. అదే స్థిరపడిపోయింది. ఇంట్లో రెండో టీవీ ఉండకూడదని ఆవిడ ఆజ్ఞ. లోపలి గదిలో చిన్నదొకటి పెట్టుకుందామని మా ఆయన ఒకసారి నసిగితే, అక్కడితో ఈ ఇల్లు రెండిళ్ళవుతుందని కొట్టిపారేసింది. అందుకని సాయంత్రం దీపం పెట్టిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఉన్న వేళల్ని నలుగురం పంచుకోవాలి. మా ఆయనకి వార్తలు కావాలి. ఛత్రపురం ఆఫీసునుంచి వచ్చి, దేశంలో ఏమయిందో అరుచుకునేవాళ్ళ నోట వింటేగాని ఆయనకి అన్నం దిగదు. మా అమ్మాయికి పాటల పోటీలు. నాకు ఒడియా సీరియళ్ళు. ఆవిడకి తెలుగు సీరియళ్ళు. ఛాడఖాయి నాడు భోజనాలయ్యాక ఎవరూ నడుం వాల్చడానికి వీల్లేదు. కొత్తగా ఏవి వస్తున్నాయి, పాతవాటిలో ఏవి మళ్ళీ మొదలవుతున్నాయి, ఏది ఎందుకు చూడాలి, ఒక్కొక్కరం చెప్పుకోవాలి. ఎదుటివాళ్ళు కాదనాలి. కాదనడం అందులో ముఖ్యం. తేలిన తీర్పు మళ్ళీ ఛాడఖాయి దాకా చెల్లుతుంది. మధ్యలో సీరియలే ఆగిపోతే తప్ప మార్చడానికి లేదు.

ఆవిడ పెట్టే పరీక్షలు కఠినం. వంటింట్లో పొయ్యి వెలగని ఇంటి కథ వద్దు. అంత పెద్ద మేడలో అంతమంది నగలేసుకుని మెట్ల మీద నిలబడితే అన్నం ఎవరు వండుతున్నట్టు అనేది. తలకి దెబ్బ తగిలి మొగుణ్ణి మరిచిపోయే పిల్ల ఉంటే వద్దు. మొదటి వారం అందరూ బుద్ధిగానే రాస్తారు, ఆ వారం చూసి మోసపోవద్దని కొత్తవాటి మీద మాకు హెచ్చరిక. రెండో భాగాలంటే మాత్రం ఆవిడకి ఒక బలహీనత ఉండేది. పోయినవాళ్ళని బతికించి తెస్తారు, ముసలివాళ్ళకి రంగేసి తెస్తారు అని తిడుతూనే, మొదటి భాగంలో తను చూసిన మనుషులు ఎలా ఉన్నారో చూడకుండా ఉండలేకపోయేది. బడి వదిలిపోయిన పిల్లలు బజారులో కనబడితే నిలబెట్టి మాట్లాడేది చూడండి, అదే బుద్ధి ఇక్కడా.

నా ఒడియా సీరియళ్ళ మీద ఆవిడకి ఎక్కడలేని చిన్నచూపు. నేను వచ్చినప్పుడు నాకు ఒడియా ఒక్క ముక్క రాదు. టీవీ చూసే నేర్చుకున్నాను. దాని ఫలితం ఏమిటంటే, వంకాయలు బేరమాడినా ఇంట్లో ఎవరో పోయినట్టు మాట్లాడతానని ఆవిడ వెక్కిరింత. నేనూ ఊరుకునేదాన్ని కాదు. మీ తెలుగు సీరియళ్ళలో అత్త కళ్ళు తిప్పడానికే ఒక రోజు, కోడలు ఆ కళ్ళు చూడడానికి ఇంకో రోజు పడుతుందనేదాన్ని. మాటా మాటా పెరిగి, ఒక్కోసారి ఆ సాయంత్రం దాకా పలకరింపులు ఉండేవి కావు. అయినా ఒక్కసారి కూడా ఏడున్నర వేళ నాకు దక్కలేదు. ఆ వేళ ఆవిడది. ఏటేటా అడిగేదాన్ని, ఏటేటా ఓడిపోయేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఈ ఇంట్లో నాతో సమానంగా, ఒక మెట్టు దిగకుండా, ఎక్కకుండా దెబ్బలాడిన మనిషి ఆవిడొక్కతే. మా ఆయన మంచివారే. కాని ఆయన దెబ్బలాడరు, గోడకేసి తిరిగి పడుకుంటారు.

ఒక ఏడు దసరా వెళ్ళిన దగ్గర్నుంచి ఆవిడకి ఒంట్లో బాగుండేది కాదు. కడుపులో పోటు అనేది. గ్యాసు అనుకున్నాం. ఈ ఊళ్ళో ఏ నొప్పికైనా ముందు గ్యాసు పేరే పెడతాం, మందుల షాపులో అడిగి మాత్ర వేసుకుంటాం. ఆవిడ వాము నమిలింది, మాత్రలు మింగింది, పస్తులుంది. దీపావళికి చూస్తే జాకెట్టు చేతులు వదులైపోయి వేలాడుతున్నాయి. దీపాలు పెడుతున్నప్పుడు ఆ వెలుగులో ఆవిడ కళ్ళు పచ్చగా కనబడ్డాయి నాకు. ఇక్కడ ఆసుపత్రిలో స్కానింగు చేసి, మా ఆయన్ని పక్కకి పిలిచి, వైజాగ్ తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరు మమ్మల్నిద్దర్నీ లోపల కూర్చోబెట్టాడు. ఆవిడ బయట బెంచీ మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కడుపులో గడ్డ అని, కాలేయం దాకా పాకిందని, కోసి లాభం లేదని చెప్పాడు. ఎంత కాలం అని మా ఆయన అడిగారు. ఎండలు ముదిరేదాకా ఉంటే అదృష్టం అనుకోండి అన్నాడు. ఆ గది గోడకి ఉన్న క్యాలెండరు బొమ్మ నాకిప్పటికీ గుర్తుంది. డాక్టరు ముఖం గుర్తు లేదు.

బయటికి వచ్చేలోపు, ఆ నాలుగడుగుల్లోనే మా ఆయన నిర్ణయించేశారు. అక్కకి చెప్పకూడదు. పేగులో పుండు అని, మందులతో మానుతుందని చెప్పాలి. నేను సరేనన్నాను. మన ఇళ్ళలో ఇదొక అలవాటు, ఎవరూ తప్పనుకోరు. జబ్బు ఒకరిది, దాని పేరు మాత్రం మిగతావాళ్ళ దగ్గర ఉంటుంది. తిరుగు రైల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని మందుల చీటీలు చూపించమని అడగలేదు, డాక్టరు ఏమన్నాడని రెట్టించలేదు. ఇచ్ఛాపురం దాటుతుంటే, మీ అమ్మగారింటివాళ్ళు వరి కోసేసినట్టున్నారే అని నాతో అంది. నేను తల తిప్పుకుని, అవును వదినా అన్నాను. ఆవిడ నమ్మింది అనే అనుకున్నాం.

ఛాడఖాయి వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయి భువనేశ్వర్ నుంచి ఇంటికి వచ్చింది. దానికి సంగతి చెప్పి, ఏడుపు పెరట్లోనే ఏడిచి లోపలికి రమ్మన్నాను. మా ఆయన ఎన్నడూ లేనిది చీకటితో లేచి వెళ్ళి చిలికా రొయ్యలు తెచ్చారు. ఖల్లికోట వైపు నుంచి వచ్చినవి, గుప్పెడంత లావు. ఆవిడకి ప్రాణం అవంటే. వండాను. ఆవిడ రెండు మెతుకులు కలుపుకుని, ఒక రొయ్య నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి మింగలేక పక్కన పెట్టేసింది. అయినా చెయ్యి కడుక్కుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది, కళ్ళజోడు తుడుచుకుంది. ఆ ఏడు ఆవిడకి పెద్ద పని ఉంది. ఎప్పుడో మూడేళ్ళు వదలకుండా చూసిన సీరియలు ఒకటి రెండో భాగంతో మళ్ళీ వస్తోంది. అదే వేళకి నేను ఎదురుచూస్తున్న కొత్త ఒడియా సీరియలు మొదలవుతోంది. సరిగ్గా ఏడున్నరకే రెండూ. ఇంకో ఏడైతే ఇల్లు ఎగిరిపోయేది.

ఆవిడ గొంతు సవరించుకుంది. "నా పాత కథ రెండో భాగం ఏడున్నరకి. నీ ఒడియా ఏడుపూ అప్పుడే వస్తాది. సెప్పు అమ్మీ, ఏటంటావ్?" అంది. నేను, మీకేది నచ్చితే అదే పెట్టుకుందాం వదినా, అన్నాను. ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. ఎనిమిదిన్నరకి ఇంకో తెలుగు కొత్తది వస్తోంది, నీ వార్తల మాటేమిటి అని అడిగింది. ఆయన, వార్తలదేముందక్కా ఫోనులో చూసుకుంటానన్నారు. మా అమ్మాయిని అడిగింది. శని, ఆదివారాల్లో దాని పాటల పోటీ. ఆ పోటీ కోసం అది హాస్టల్లో అన్నం మానేసిన సందర్భాలున్నాయి. అది తల వంచుకుని, ఇప్పుడు నాకు పాటల మీద అంత ఇష్టం లేదత్తా అంది. పంచాయితీ అంతా కలిపి అన్నం చల్లారేంత సేపు కూడా పట్టలేదు. నాలుగు వేళలూ ఆవిడకే ఇచ్చేశాం. ప్రేమగానే ఇచ్చాం. ఇచ్చి, మంచి పని చేశామనే తృప్తితో కూర్చున్నాం.

ఆవిడ మా ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. పరీక్ష రోజున పిల్లలందరూ ఒకే జవాబు రాస్తే టీచరు చూసే చూపు అది. అప్పుడు చాలా మామూలుగా అడిగింది: "తమ్ముడూ, వైజాగ్ డాక్టరు ఎన్నాళ్ళని సెప్పినాడు?"

మా ఆయన నవ్వబోయారు. ఏటక్కా నువ్వు, పేగు పుండుకి ఎన్నాళ్ళేంటి అన్నారు. ఆవిడ నవ్వలేదు. "పేగు పుండుకి ఈ ఇంట్లో వార్తలు మానుకునే మడిసి లేడు. సెప్పు," అంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తువ్వాలు వెనకనుంచే, ఎండలు ముదిరేదాకా ఉంటే గొప్పన్నాడక్కా, అన్నారు. తరవాత ఆయన ఏడ్చిన ఏడుపు నేను మా మావగారు పోయినప్పుడు కూడా వినలేదు. మా అమ్మాయి లేచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆవిడ దాని తల మీద చెయ్యి వెయ్యలేదు. టీవీ కట్టెయ్యమంది. కట్టేశాను. రొయ్యల కూర మిగిలినది ఏం చెయ్యాలో తెలియక, తిరిగి వేడి చేసి, వేడి చేసి, చివరికి పారేశాను.

అప్పట్నుంచి కొన్నాళ్ళు ఆ టీవీ వెలగలేదు. ఆవిడ నాతో మాట్లాడేది కాదు, తమ్ముడితో మాట్లాడేది కాదు. మందు ఇస్తే మింగేది, గంజి ఇస్తే తాగేది. సాయంత్రం ఏడున్నరకి మా హాలు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, పక్కింటివాళ్ళ టీవీలోంచి వేరే ఎవరి కథో గోడ దాటి వినబడేది. నాకు భయం వేసింది. చావు గురించి కాదు. ఆ మౌనంతోనే ఆవిడ వెళ్ళిపోతుందేమోనని. ఒక పగలు, నేను తల దువ్వుతుంటే, దువ్వెన నిండా వచ్చిన వెంట్రుకలు దాచబోతుంటే, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "జబ్బు దాసినారని కోపం కాదే నాకు. ఇంకా ఊపిరుండగానే నన్ను పటం కట్టి గోడకి తగిలించేసినారు మీరు. పటానికేగా ఎవులూ ఎదురు సెప్పరు," అంది. ఆదివారం అమ్మాయి వస్తుంది, అప్పుడు పంచాయితీ మళ్ళీ మొదట్నుంచి జరగాలి, ఈసారి సరిగా దెబ్బలాడండి అని ఆజ్ఞ వేసింది.

ఆదివారం కూర్చున్నాం. దెబ్బలాడదామనే కూర్చున్నాం, కాని అది అనుకుంటే వచ్చేదా? మా ఆయన, నా వార్తలు నాకు కావాలక్కా అన్నారు, ఆ గొంతులో ప్రాణం లేదు. మా అమ్మాయి పాటల పోటీ గురించి వాదించబోయి మధ్యలో వెక్కిళ్ళు పెట్టుకుంది. నాటకాల్లో కొత్తగా వేషం కట్టినవాళ్ళలా ఉన్నాం ముగ్గురమూ. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ మూసుకున్న పచ్చని రెప్పలు, గోక్కుని గోక్కుని ఎర్రబడ్డ మోచేతులు, కుర్చీలో సగం కూడా నిండని ఆ ఒళ్ళు చూసేసరికి నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీదే మండింది. ఇన్నేళ్ళు నాతో దెబ్బలాడి, ఒక్కసారీ ఏడున్నర నాకు వదలకుండా, ఇప్పుడు మొత్తం నా మీద పడేసి పోతోందని మండింది. నా అచ్చమైన ఊరి భాష బయటికి వచ్చేసింది.

"ఎండాకాలం వచ్చినాక ఆ రెండో భాగం ఎవులు సూస్తారు? నానేగదా. మీరు ఎల్లిపోతారు, మీ కథ నా నెత్తినుంటాది. ఏడున్నరయ్యేసరికి ఆ కుర్సీ ఇటు, నాను అటు, మీకిష్టమైన మడుసులంతా ఆ టీవీలో. నా వల్ల కాదు. నాకొద్దు. నా ఒడియా కథే పెట్టాల."

మా అమ్మాయి నోరు చేత్తో మూసుకుంది. మా ఆయన, ఏమే అని లేచారు. ఆవిడ కళ్ళు తెరిచింది. ఆ పసుపు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాని ముఖం వెలిగింది. ఆ జబ్బు సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా ఇంట్లో వెలిగిన మొదటి ముఖం అదే. "కూకో తమ్ముడూ. మీలో ఇదొక్కతే మడిసి," అంది. తరవాత నాతో, "ఏడున్నర నీదే. కాని నోరు మూసుకుని సూడను, ముందే సెప్తన్నాను," అంది. ఆ మాటలు అన్నందుకు నేను ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఇంకొకళ్ళకి చెబితే రాక్షసి అంటారు, అననివ్వండి.

ఆ చలికాలమంతా ఏడున్నరకి నా ఒడియా సీరియలు చూశాం. కుర్చీలో కూర్చోలేని స్థితి వచ్చాక హాల్లో మడత మంచం వేసి, టీవీ వైపు తల పెట్టి పడుకోబెట్టాం. నోరు మూసుకుని చూడనన్న మాట నిలబెట్టుకుంది. ఆ కథలో పిల్ల నది దాటి పారిపోయి ఎవరి ఇంట్లోనో పనికి చేరితే, ఆ ఇంటివాళ్ళే దాని కన్నవాళ్ళని ఆవిడ మూడో రోజుకే చెప్పేసింది. తేలింది అదే. హీరో నడక ఎముకలు విరిగినవాడి నడకలా ఉందంది. ఆ పిల్ల అత్తగారు మాత్రం ఫరవాలేదంది, వండుతోంది కనక. నేను ఎదురు చెప్పేదాన్ని. నొప్పి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆపి, దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టుకుని, అది తగ్గాక ఆపిన చోటునుంచే తిట్టేది. పరామర్శకి వచ్చి మెల్లగా మాట్లాడేవాళ్ళని లోపలికి రానివ్వద్దని నాకు చెప్పింది. వీధిలో ఒడియా ఆడవాళ్ళు తలుపు దగ్గరే నిలబడి, గురుమా ఎలా ఉంది అని అడిగి, లోపలినుంచి తిట్లు వినబడితే స్థిమితపడి వెళ్ళేవారు.

మాఘమాసం వచ్చేసరికి మాటలు తగ్గాయి. మందు మోతాదు పెంచారు. ఎక్కువసేపు మగతలోనే ఉండేది, నోరు ఎండిపోతే దూది తడిపి పెదాలకి అద్దేదాన్ని. సీరియలు మధ్యలో నిద్రపోయి, మర్నాడు పగలు మెలకువ వచ్చినప్పుడు నిన్నటి కథ చెప్పమని సైగ చేసేది. చెప్పేదాన్ని. కావాలని కొంచెం తప్పు చెప్పేదాన్ని. కాదు, అలా జరిగుండదు అని కనుబొమలు ముడిచేది. ఆ ముడి చూడడానికే నేను అన్ని అబద్ధాలు కల్పించేదాన్ని. పక్కదుప్పట్లు ఉతికి ఆరేస్తూ, ఈ రోజు ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచించుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం టీవీలో ప్రకటన వచ్చింది. కొత్త తెలుగు సీరియలు, ఆవిడకి ప్రాణంగా నచ్చే రకం. పల్లెటూరు, టీచరు ఉద్యోగం చేసే పెద్దమ్మాయి, పొగ వచ్చే వంటిల్లు. వచ్చే వారం నుంచి, ఏడున్నరకి. ఆవిడ మెలకువగానే ఉంది, చూసింది. నేను మంచం పట్టె మీద కూర్చుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆవిడకి వినబడేలా గట్టిగా అన్నాను, మీ వేషాలు నాకు తెలుసు వదినా, ఇదొచ్చిందని పంచాయితీ తీర్పు మారుస్తానంటే కుదరదు, నా ఒడియా కథ కదిలేది లేదు అని. అని ఎదురుచూశాను. ఆవిడ పెదాలు కదిలాయి. వంగి చెవి దగ్గర పెట్టాను. "అలాగే, అమ్మీ," అంది.

ఇంకేమైనా అంటుందేమోనని అలాగే వంగి కాసేపు ఉన్నాను. అనలేదు. లేచి టీవీ కట్టేసి, పెరట్లోకి వెళ్ళి మా ఆయనతో, అమ్మాయికి ఫోన్ చేసి వెంటనే రమ్మనండి అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆ వారం దాటకుండానే ఆవిడ వెళ్ళిపోయింది, పిల్ల చెయ్యి పట్టుకుని ఉండగా, పగటి పూట. అప్పట్నుంచి ఎన్ని ఛాడఖాయిలు వెళ్ళాయో, ఎన్ని కథలు మొదలై ఎక్కడెక్కడ ఆగిపోయాయో నేను గమనించడం మానేశాను. కాలం అడగకుండానే అన్ని వేళలూ నాకే ఇచ్చేసింది, నేను మాత్రం ఆ మంచం పట్టె మీద వంగినదాన్ని వంగినట్టే ఉన్నాను, ఆవిడ కాదనే మాట కోసం.